ఆదివారం గోలీ

మా అమ్మ మందుల డబ్బాలో ఒక చిన్న గుడ్డమూట ఉంటుంది. పాత జాకెట్టు ముక్క, ఎర్రదారంతో కట్టింది. బీపీ గోలీలు, కాల్షియం గోలీలు, పసుపుపచ్చగా చిన్నగా ఉండే ఫోలిక్ యాసిడ్ గోలీలు డబ్బాలో కలిసిమెలిసి ఉంటాయి. మూటలో మాత్రం మెథోట్రెక్సేట్ ఒక్కటే. ఆదివారం రాత్రి అన్నం తిన్నాక అమ్మ ఆ మూట విప్పుతుంది. వంకర తిరిగిన వేళ్ళతో ముడి విప్పడానికి ఆమెకు చాలాసేపే పడుతుంది. నేను విప్పబోతే చెయ్యి పక్కకు తోస్తుంది.

ఆ మూట ఎందుకంటే, గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరసలోనే ఉండే ఒక పెద్దమ్మకు ఇదే జబ్బు, ఇదే మందు. చీటీ మీద వారానికి ఒకటి అని ఇంగ్లీషులో రాసి ఉంది. చెప్పినవాళ్ళు లేరు, చదివినవాళ్ళు లేరు. ఆమె బీపీ గోలీలాగే రోజుకొకటి వేసుకుంది. పదిరోజులు తిరక్కుండానే నోరంతా పుండ్లు, మంచినీళ్ళు కూడా మింగలేకపోయింది. రక్తకణాలు పడిపోయాయి. హైదరాబాద్ తీసుకుపోతే బతికి బయటపడింది. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే అమ్మ జాకెట్టు ముక్క చింపింది.

అమ్మకు జబ్బు మొదలై ఇరవయ్యేళ్ళు దాటింది. అప్పటికి నేను ఇంటర్ చదువుతున్నాను. "పొద్దుగాల లేవంగనే చేతులు బిగుసుకపోతున్నయి బిడ్డా, పిడికిలి వడ్తలేదు" అనేది. నాన్న బాయి పని. షిఫ్టు దిగి వచ్చాక ఆయన బట్టలు నానబెడితే నీళ్ళు సిరాలా అయ్యేవి. ఆ బట్టలు పిండలేకపోవడమే ఆమె చెప్పిన మొదటి రోగలక్షణం. నీళ్ళలో చేతులు పెట్టడం వల్లనే అన్నారు కొందరు. వాతం అన్నారు. చింతపులుపు మానెయ్యమన్నారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే పేరు మా ఇంట్లోకి రావడానికి మూడేళ్ళు పట్టింది. వచ్చిన పేరును కూడా అక్క పెళ్ళయ్యేదాకా గడప దాటనివ్వలేదు. "ఆ ఇంట్ల కాళ్ళుచేతులు వంకరవోయే రోగమున్నదట" అనే మాట పిల్లనడగ వచ్చేవాళ్ళ చెవిన పడకూడదు. అక్క పెళ్ళిలో అమ్మ రెండు చేతులకూ మోచేతిదాకా గోరింటాకు పెట్టించుకుంది. అందరూ మురిసిపోయారు. వాచిన కణుపులు కనబడకుండా అనేది మా ఇంట్లో వాళ్ళకు మాత్రమే తెలుసు.

శరీరం తన్ను తానే పరాయిదనుకొని దాడి చేసే జబ్బులివి. ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చేవాళ్ళలో ప్రతి ఒక్క మగవాడికీ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళుంటారు. లూపస్‌లోనైతే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. ఇంత స్పష్టంగా స్త్రీల జబ్బయినదాని చరిత్ర చదవాలని కూర్చుంటే, నాకు మొదట ఎదురైంది భీమవరంలో పుట్టిన ఒక తెలుగు మగ డాక్టరు. అమ్మ మూటలోని గోలీ, డబ్బాలోని పసుపుపచ్చ గోలీ, రెండూ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ప్రయోగశాలలోనే తయారయ్యాయి. నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. కథలో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరి చేత మాట్లాడించడం లేదో చూడటం నాకు వచ్చిన పని. ఆయన జీవితాన్ని కూడా అట్లాగే చదివాను.

*

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో లేమి. పదమూడేళ్ళ వయసులో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని పారిపోయాడట. వెంకమ్మ వెనక్కి పట్టి తెచ్చి బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఆ రెండు ఓటముల మధ్య కొడుకు చదువు మీద పట్టు వదలనిది ఆ తల్లే. జీవితచరిత్రల్లో ఆమెకు దక్కేవి రెండు మూడు వాక్యాలు. అవీ 'మాతృమూర్తి త్యాగం' అనే మూసలో పోసినవి.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకు సాయపడినవాళ్ళలో కాకినాడ ప్రాంతపు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఉన్నారు. 1919లో ఆయన కూతురు శేషగిరిని సుబ్బారావు పెళ్ళి చేసుకున్నారు. గాంధీ పిలుపు విని ఖద్దరు బట్టలతో ఆపరేషన్ గదిలోకి వెళ్ళినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. డిగ్రీ దక్కింది. ఆ కాలంలోనే అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం విరిగి, మనిషి ఎండిపోయే జబ్బు అది. తనకూ వస్తే నయం చేసింది ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి. ఇక్కడొక మాట పక్కకు పోయి చెప్పాలి. ఆ లక్ష్మీపతి భార్య రుక్మిణి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, 1946లో ప్రకాశం మంత్రివర్గంలో ఆరోగ్యమంత్రి అయిన రుక్మిణీ లక్ష్మీపతి. మద్రాసు రాష్ట్రంలో తొలి మహిళా మంత్రి. సుబ్బారావు కథలో 'డాక్టర్ లక్ష్మీపతి' అన్న పేరు తగిలిన ప్రతిసారీ నాకు ఆమె గుర్తొస్తుంది. ఆమె పేరు మాత్రం అక్కడ తగలదు.

1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారి డబ్బు కలిస్తే అయిన ప్రయాణం. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రి పనివాడిగా రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తారు. ఆ తర్వాత సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పని జీవరసాయన పాఠ్యపుస్తకాల్లోకెక్కింది. 1925లో ఒంటిలోని ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి, 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. కణం పనిచేయడానికి ఖర్చుపెట్టే చిల్లర నాణెం లాంటిది ఏటీపీ. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గరి లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళిపోయారు. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకే, నిద్రలోనే పోయారు.

ఈ ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనేలేదు. శేషగిరి ఇక్కడే ఉండిపోయింది.

ఒక ఆదివారం రాత్రి ఈ కథంతా అమ్మకు చెప్పాను. నీ గోలీ చేసింది మన తెలుగాయనే అమ్మా అని. ఏటీపీ దగ్గర ఊకొట్టింది. పాత్రలు ఎత్తిన చోట "అయ్యో" అంది. చివరికి ఒకే ప్రశ్న అడిగింది: "మరి ఆయన పెండ్లాం ఏమాయె?"

దీనికి నా దగ్గరున్న జవాబు చాలా చిన్నది. సుబ్బారావుకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదని, నోబెల్ రాలేదని మనవాళ్ళు రాసిన వ్యాసాలు కుప్పలుగా ఉన్నాయి. ఆ బాధ న్యాయమైనదే. 1995లో ఆయన పేర తపాలా బిళ్ళ వేశారు. కానీ ఆ వ్యాసాల్లో శేషగిరి 'ఎదురుచూసిన సతి'గా వచ్చి 'ఎదురుచూసిన సతి'గానే పోతుంది. ఎదురుచూస్తూ ఆమె రోజంతా ఏం చేసేది? ఉత్తరం రాని నెలల్లో ఇరుగుపొరుగు ఏమనేవాళ్ళు? బిడ్డ పోయినప్పుడు ఎవరి పక్కన కూర్చుని ఏడ్చింది? 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' కోసం స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళింది. ఎవరూ అడగని ప్రశ్నలు అడిగింది. విజ్ఞానశాస్త్ర చరిత్రకు మనలో అలాంటి పని ఇంకా మొదలే కాలేదు. ఆయన వెళ్ళకపోయి ఉంటే మా అమ్మకు ఈ గోలీ ఉండేదా అనే ప్రశ్న నన్నూ నిలబెడుతుంది. అందుకని శేషగిరి జీవితాన్ని ఆ గోలీ ఖరీదు కింద జమకట్టి చేతులు దులుపుకోవడం నాకు చేతకావడం లేదు.

*

పసుపుపచ్చ గోలీ కథ సుబ్బారావుతో మొదలుకాదు. బొంబాయిలో, గర్భిణులతో మొదలవుతుంది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి హాఫ్‌కిన్ సంస్థకు వచ్చింది. మార్గరెట్ బాల్ఫర్ అనే మరో వైద్యురాలు పిలిపించింది. లూసీ కేంబ్రిడ్జ్‌లో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి 1911లో పరీక్షలు పూర్తిచేసింది. కేంబ్రిడ్జ్ స్త్రీలకు పూర్తి డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో. తర్వాత ఆమె లండన్‌లో స్త్రీల కోసమే పెట్టిన వైద్యపాఠశాలలో డాక్టరీ చదివింది. బొంబాయిలో ఆమె ముందున్న సమస్య, గర్భిణులు ఒక రకం రక్తహీనతతో చచ్చిపోతుండటం. ఎర్రకణాలు ఉబ్బి, పక్వం కాకుండానే రక్తంలోకి వచ్చేవి. అప్పట్లో దొరికే ఇనుము మందు పనిచేసేది కాదు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళను, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలను ఆమె చూసింది. వాళ్ళు ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో రాసుకుంది. ఏదో క్రిమి వల్ల కాదు, తిండిలో ఏదో లేకపోవడం వల్ల అని ఆమెకు నమ్మకం కుదిరింది. కూనూరులోనూ, మద్రాసులోని గోషా ఆసుపత్రిలోనూ కూడా పనిచేసింది.

ఎలుకల మీద, కోతుల మీద ప్రయోగాల తర్వాత తేలిందేమిటంటే, మార్మైట్ అనే చవకరకం ఈస్టు ముద్ద నాకిస్తే రక్తం బాగుపడుతోంది. 1931లో ఆ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. అందులో ఉన్నదేమిటో తెలియక చాలాకాలం 'విల్స్ ఫాక్టర్' అన్నారు. 1941లో అమెరికాలో టన్నులకొద్దీ పాలకూర నుంచి తీసినదానికి ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని కృత్రిమంగా తయారుచేసింది లెడర్లీలో సుబ్బారావు బృందం, 1945లో. సుబ్బారావు అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకి కూడా అది మందయింది. ఈ సంగతి జీవితచరిత్రకారులు చాలా ఆర్ద్రంగా రాస్తారు, రాయాల్సిందే. 1970 నుంచి మన దేశంలో గర్భిణులకు ప్రభుత్వమే ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ గోలీలు ఇస్తోంది. ఆశా కార్యకర్త పంచిపెట్టే గోలీ వెనక బొంబాయి మిల్లు ఆడవాళ్ళ రక్తపు చుక్కలున్నాయి. వాళ్ళ పేర్లు ఏ పత్రంలోనూ లేవు, రోగి నంబర్లే ఉన్నాయి.

ఫోలిక్ యాసిడ్ లేకపోతే కణం తన డీఎన్ఏ రాసుకోలేదు, రెండుగా చీలలేదు. అయితే అదుపుతప్పి చీలిపోయే కణాలకు అదే ఆకారంలో ఉండే నకిలీని అందిస్తే? కణం దాన్ని నిజమైనదనుకొని పట్టుకుంటుంది, పని ఆగిపోతుంది. అట్లా పుట్టింది అమినోప్టెరిన్. 1948లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిందని ప్రకటించాడు. దాని చెల్లెలే మెథోట్రెక్సేట్, అమ్మ మూటలోది. ఈ నకిలీలను తయారుచేసిన రసాయన పత్రాలు వెతికితే, 1947 నాటి చిన్న పత్రంలోనూ 1949 నాటి పెద్ద పత్రంలోనూ రచయితల వరసలో మొదట ఉన్న పేరు డోరిస్ సీగర్. ఆవిడ లెడర్లీ రసాయనశాస్త్రవేత్త. ఫోలిక్ యాసిడ్ నిర్మాణాన్ని ప్రకటించిన పత్రంలోని పదహారుమందిలోనూ ఆమె ఉంది. సుబ్బారావుకు అన్యాయం జరిగిందని రాసిన తెలుగు వ్యాసాలు ఎన్ని చదివినా డోరిస్ సీగర్ నాకు కనబడలేదు.

నకిలీ ఫోలిక్ యాసిడ్ మొదట ఆపేది వేగంగా పెరిగే కణాలను. కడుపులోని పిండం కంటే వేగంగా పెరిగేదేముంటుంది? 1952లో థియర్ష్ అనే డాక్టరు గర్భం తీయడానికి అమినోప్టెరిన్ వాడి చూశాడు. గర్భం నిలిచిపోయిన చోట పిల్లలు వైకల్యాలతో పుట్టారు. 1956లో మిన్ చియూ లి, రాయ్ హెర్ట్జ్ మాయలో పుట్టే ఒక రకం క్యాన్సర్‌ను మెథోట్రెక్సేట్‌తో నయం చేశారు. గర్భసంచీ బయట నిలిచిన గర్భానికీ ఇదే మందు. స్త్రీ గర్భాన్ని నిలబెట్టే గోలీ ఒకటి, స్త్రీ గర్భాన్ని ఆపే గోలీ ఒకటి, రెండూ ఒకే డబ్బాలో. కీళ్ళజబ్బున్న యువతులు పిల్లలు కావాలనుకుంటే నెలల ముందే ఈ గోలీ మానాలి. పిల్లల కోసం గోలీ మానితే కీళ్ళు వాస్తాయి, కీళ్ళ కోసం వేసుకుంటే పిల్లలు వాయిదా. ఈ లెక్క వేసుకునేది ఎప్పుడూ ఆడవాళ్ళే. 'ఏమన్నా విశేషమా' అని అడిగే అత్తగారికి ఈ లెక్క చెప్పగలిగే కోడలు ఎక్కడుంది?

*

కీళ్ళకు ఈ మందు రావడానికి పట్టిన కాలం విచిత్రమైనది. 1951లోనే గబ్నర్ అనే డాక్టరు అమినోప్టెరిన్‌తో రుమటాయిడ్ వాపులు తగ్గుతున్నాయని రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి కార్టిజోన్ వచ్చేసింది. 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో మంచం దిగలేని 29 ఏళ్ళ స్త్రీకి మొదటి సూది పొడిచారు. కొద్దిరోజుల్లో లేచి నడిచింది. ఫిలిప్ హెంచ్‌కు 1950లో నోబెల్ వచ్చింది. హెంచ్‌కు ఆ ఆలోచన పుట్టించిన గమనికల్లో ఒకటి, గర్భంతో ఉన్నప్పుడు ఈ జబ్బు తగ్గుముఖం పడుతుందనేది. అది ఆడవాళ్ళు చెబితే తెలిసిన సంగతి. చెప్పినవాళ్ళు ఎవరో తెలియదు. కార్టిజోన్ ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారతాయని, మొహాలు ఉబ్బుతాయని తర్వాత అర్థమైంది. మైకేల్ వైన్‌బ్లాట్ బృందం 1985లో తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్‌తో పరీక్ష జరిపింది. 1988లో అమెరికా ప్రభుత్వం రుమటాయిడ్‌కు దాన్ని అనుమతించింది. గబ్నర్‌కూ ఈ అనుమతికీ మధ్య ముప్ఫై ఏడేళ్ళు.

తక్కువ మోతాదులో ఇది క్యాన్సర్‌లో పనిచేసే తీరులోనే పనిచేయదట. వాచిన చోట కణాలు అడినోసిన్ అనే పదార్థాన్ని వదిలేట్టు చేసి మంటను ఆర్పుతుందని చాలామంది భావన. ఏటీపీ పేరులోని మొదటి అక్షరం ఈ అడినోసిన్‌దే. 1929లో ఆయన చేతిలో పడ్డ అణువు, 1947లో ఆయన ప్రయోగశాల మందు, మా అమ్మ మణికట్టులో కలుసుకున్నాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

కానీ మందు ఎట్లా పనిచేస్తుందో తెలిసినంత మాత్రాన, జబ్బు ఆమెకే ఎందుకు వచ్చిందో తెలియదు. మాకు కావలసిన ప్రశ్న అదే. "మీ అమ్మ తరఫున ఇంకెవరికైనా ఉందా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చిన్నమ్మకు థైరాయిడ్. అమ్మమ్మ చేతులు చివరిరోజుల్లో ఎట్లుండేవో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఈ వంశపారంపర్యపు లెక్కల మీద జీవితమంతా పనిచేసిన వైద్యురాళ్ళలో లిండ్సే క్రిస్‌వెల్ ఒకరు. అమెరికాలో బర్క్‌లీలో జన్యుశాస్త్రం చదివి, శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టరై, కీళ్ళరోగుల మధ్య పనిచేస్తూ వాళ్ళ జన్యువులను చదివింది. 2021లో అమెరికా జాతీయ కీళ్ళ, చర్మవ్యాధుల సంస్థకు డైరెక్టర్ అయింది. 2004లో యాన్ బెగోవిచ్ మొదటి రచయితగా వచ్చిన పత్రం పీటీపీఎన్22 అనే జన్యువులోని ఒక చిన్న మార్పుకూ రుమటాయిడ్‌కూ ఉన్న సంబంధాన్ని చూపింది. మరుసటి ఏడే క్రిస్‌వెల్ బృందం, ఒకటికి మించి ఆటోఇమ్యూన్ జబ్బులున్న 265 కుటుంబాలను పరిశీలించి, అదే మార్పు రుమటాయిడ్‌లోనూ లూపస్‌లోనూ ఒక రకం మధుమేహంలోనూ థైరాయిడ్ జబ్బులోనూ కనబడుతోందని చెప్పింది. అమ్మ కీళ్ళు, చిన్నమ్మ గొంతు వేర్వేరు కథలు కాకపోవచ్చని నాకు మొదటిసారి తట్టింది ఆ పత్రం చదివాకే. డాక్టర్లు ఒక్కో అవయవాన్ని ఒక్కో గదిలో చూస్తారు. క్రిస్‌వెల్ కుటుంబాన్ని చూసింది. ఇల్లు నడిపే ఆడవాళ్ళు చూసే చూపు అది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ మార్పు యూరప్ మూలాలున్నవాళ్ళలో ఎక్కువ. ఆసియా జనాల్లో చాలా అరుదు. అంటే ఆ వెలుగు మా చిన్నమ్మ గొంతుదాకా సూటిగా రాదు. ఎవరి రక్తం చదివారో వాళ్ళ గురించే తెలిసింది. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రవేత్త బి.కె. తెల్మా బృందం ఉత్తర భారతీయుల మీద జన్యువులన్నిటినీ జల్లెడపట్టి, 2013లో ఏఆర్ఎల్15 అనే కొత్త జన్యువు పేరు చెప్పింది. గోదావరి ఒడ్డున ఉన్న మా ఆడవాళ్ళ రక్తాన్ని కూడా అంత ఓపికగా చదివితే బాగుండునని ఆశ.

ఇక ఆడవాళ్ళకే ఎందుకు? హార్మోన్లు అని చాలాకాలం చెప్పారు. అది కొంత నిజం. కానీ 2008లో హాల్ స్కోఫీల్డ్ బృందం ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. అదనంగా ఒక ఎక్స్ క్రోమోజోముతో పుట్టిన మగవాళ్ళలో లూపస్ అవకాశం మిగతా మగవాళ్ళకంటే దాదాపు 14 రెట్లు, అంటే ఆడవాళ్ళతో సమానంగా ఉంది. హార్మోన్లు మగవే, జబ్బు మాత్రం ఆడవాళ్ళ లెక్కలో. ఆడవాళ్ళ ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లుంటాయి, అందులో ఒకటి నోరు మూసుకొని ఉంటుందని 1961లో చెప్పింది మేరీ లయన్. ఆ నోరు మూయించే అణువు పేరు జిస్ట్. 2024లో డయానా డౌ, హోవర్డ్ చాంగ్ బృందం, ఆ జిస్టే తనచుట్టూ పోగుచేసుకునే ప్రోటీన్లతో కలిసి శరీరాన్ని రెచ్చగొడుతోందని ఎలుకల మీద చూపించింది. నోరు మూయించడానికి చేసే ఏర్పాటే జబ్బుకు దారి కావచ్చునట. సాహిత్య విద్యార్థికి దీన్ని రూపకంగా వాడుకోవాలని చెయ్యి దురదపెడుతుంది. పెట్టుకోను. కణానికి పితృస్వామ్యం తెలియదు. కణంలో జరిగినదాన్ని అమ్మలు దాచుకోవలసి రావడానికే పితృస్వామ్యం కావాలి.

జన్యువు ఒక్కటే చాలదు కూడా. ఒకేపిండపు కవలల్లో ఒకరికి రుమటాయిడ్ ఉంటే రెండోవారికి వచ్చేది నూటికి పదిహేనుమందిలో. అన్ని జన్యువులూ ఒకటే అయినా ఎనభై ఐదుమందికి రాదు. పిల్లనడగ వచ్చినవాళ్ళకు ఈ సంఖ్య ఎవరైనా చెప్పి ఉంటే అక్క పెళ్ళిలో అమ్మ ఆ గోరింటాకు ఇష్టంగా పెట్టుకునేది.

మిగతాది బయటినుంచి వస్తుంది. పొగతాగడం ఒకటి. ధూళి ఇంకొకటి. 1953లో ఆంథొనీ కాప్లాన్ అనే డాక్టరు వేల్స్ బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల ఎక్స్‌రేలు చూస్తూ, కీళ్ళజబ్బున్నవాళ్ళ ఊపిరితిత్తుల్లో ప్రత్యేకమైన గుండ్రటి మచ్చలుంటున్నాయని గమనించాడు. దానికి ఆయన పేరే పెట్టారు. రాతిధూళిలో పనిచేసే మగవాళ్ళలో రుమటాయిడ్ ఎక్కువని స్వీడన్ పరిశోధనలు కూడా చెప్పాయి. ఇదంతా గనిలోకి దిగిన మగవాళ్ళ సంగతి. మన దేశంలో 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో గానీ ఆ తలుపు కొంచెం తెరుచుకోలేదు. బాయిలోకి దిగని ఆడవాళ్ళు బాయి బట్టలు దులిపారు, ఉతికారు, పిండారు. అమ్మకు ఈ జబ్బు ఆ ధూళి వల్లే వచ్చిందని నేను అనడం లేదు, అనే హక్కు నాకు లేదు. రామగుండంలో అయితే కరెంటు కేంద్రం బూడిద, గోదావరిఖనిలో అయితే బొగ్గు, ఏ ఇంటి దండెం మీద ఆరేసినా బట్టల మీద అవి ఉండేవి. నాన్నకు కంపెనీ తరఫున ఛాతీ ఎక్స్‌రే తీసేవాళ్ళు. అమ్మను మాత్రం, నువ్వు రోజూ ఎంతసేపు ఆ బట్టలు దులుపుతావని ఏ డాక్టరూ అడగలేదు.

*

పోయిన నెల అక్క ఫోన్ చేసింది. దాని కూతురికి పదిహేనేళ్ళు. పొద్దున్నే పెన్ను పట్టుకోలేకపోతోందట, వేళ్ళు బిగుసుకుంటున్నాయట, రెండు వారాలైందట. రుమటాయిడ్ ఫాక్టర్, యాంటీ సీసీపీ అని రెండు రక్తపరీక్షలుంటాయని చెప్పాను. అవి మామూలుగా వచ్చినా రుమటాలజిస్టును కలవాలని చెప్పాను. కవలల లెక్క చెప్పాను. తొందరగా తెలిస్తే కీళ్ళు వంకరపోకుండా ఆపే మందులు ఇప్పుడు చాలా ఉన్నాయని, అమ్మలాగా మూడేళ్ళు ఆగక్కర్లేదని చెప్పాను. అక్క అంతా విన్నది. కాసేపు మాట్లాడలేదు.

"పరీక్ష చేయిస్త. కని రిపోర్టు నీ ఫోనుకే పంపమని చెప్త చెల్లె. ఇక్కడ నా ఫోను మీ బావ చూస్తడు."